అడగకుండా పట్టణమైన ఊరు

మా ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయిందన్న సంగతి మా ఇంట్లో మొదట తెలిసింది నాకే. మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్తాను నేను. ఆ మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పుకుంటుంటే, పక్కన కూర్చున్న టీచరు పేపరులోంచి తలెత్తి, "మీ ఊరిని గూడ మా మున్సిపాలిటీల గలిపిన్రంట గదా మేడం! ఇగ మీరు గూడ టౌనోళ్లే. మిఠాయి ఏది మరి?" అంది. అందరూ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని, తల్లి చనిపోయిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. నాయిన ఇంకా మందతో తిరిగి రాలేదు. విన్నది విన్నట్టు చెప్పాను. అమ్మ సీసా పక్కన పెట్టింది.

"ఎవలు గలిపిన్రు?"

"సర్కారు."

"మనల్ని ఎప్పుడడిగిన్రు?"

"అడగలేదమ్మా."

"అడగకుంట ఎట్ల గలుపుతరే? ఊరు మనదా, ఆళ్లదా? ఈపాలి గ్రామసభల అడుగుత."

ఊరు పట్టణంలో కలిశాక గ్రామసభ అనేదే ఉండదని ఆ పూట మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

మా అమ్మకు గ్రామసభ అంటే ఏమిటో చెప్పాలి. పంచాయతీ ఆఫీసు ముందర రేకుల షెడ్డు ఉండేది. సభ అని చాటింపు వేస్తే మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు గోడ పక్కన కింద కూర్చునేవాళ్లు. అమ్మ మాత్రం ముందు వరసలోకి పోయి, సర్పంచికి ఎదురుగా చాప వేసుకునేది. చదువు లేదు. గొంతు మాత్రం ఊరంతా వినిపించేంత ఉంది. "ఏం తమ్మీ, మా వాడ నల్లా ఎండిపోయి ఎన్నొద్దులాయె? మీ ఇంటి మీదికెల్లి పోయే పైపుకు మాత్రం నీళ్లెట్ల వస్తున్నయి?" అని మొదలుపెట్టేది. సర్పంచి, "అక్కా, జర కూసో, చెప్త" అంటే, "నువ్వు చెప్పినంక కూసుంట" అనేది. ఆయన విసుక్కునేవాడు, కొన్నిసార్లు కోపంతో లేచిపోయేవాడు కూడా. కానీ మర్నాడు మా గల్లీలోంచి నడిచి పోవాల్సిందే కదా. రెండోనాడో మూడోనాడో నల్లా మెకానిక్ వచ్చేవాడు. అమ్మ అడిగినవన్నీ జరిగాయని కాదు. అడిగినప్పుడు వినక తప్పని మనిషి ఒకడు ఎదురుగా ఉండేవాడు. అంతే.

ఇంకో సంగతి. మాది గొర్లు కాసుకునే కుటుంబం. ఉన్న కొద్దిపాటి చెలకలో వానపడితే కంది, జొన్న. ఎండాకాలం వస్తే మేత లేక నాయిన మందను తోలుకుని కృష్ణా నది దిక్కుకు వెళ్లిపోయేవాడు, తొలకరికి గాని వచ్చేవాడు కాదు. ఆ నెలల్లో ఇల్లు నడిచింది ఉపాధి హామీ పనితో. మా దగ్గర దాన్ని కరువు పని అంటారు. అమ్మ ఆ పనిలో మేటు. ఆడవాళ్లను కూడగట్టడం, కొలతలు చూపించడం, హాజరు వేయించడం ఆమె బాధ్యత. తెల్లారకముందే గల్లీలో కేకేస్తే, గడ్డపారలు, తట్టలు పట్టుకుని అందరూ బయటికొచ్చేవాళ్లు. ఊరి పక్క కుంటలో పూడిక తీసేవాళ్లు, గట్ల మీద కందకాలు తవ్వేవాళ్లు. ఎండ ముదరకముందే పని ముగించి, తుమ్మచెట్ల నీడలో జొన్న గటక తాగి, ఒకరి మీద ఒకరు వేళాకోళాలు ఆడుకుంటూ ఇళ్లకు వచ్చేవాళ్లు. ఇంకొకరి చేలో కూలికి పోతే పడే మాటలు అక్కడ పడనవసరం లేదు. అమ్మ తల ఎత్తుకుని చేసిన పని అది.

మమ్మల్ని ఏ టౌనులో కలిపారో ఆ టౌనుకూ మాకూ మధ్య ఒక్క ఇల్లు లేదు. అటు పత్తిచేన్లు, ఇటు పడావు పడ్డ భూములు, మధ్యలో ఒక వాగు. చీకటి పడితే ఆ దారిన ఆటోవాళ్లు రామంటారు. చివరి వీధి దీపం దగ్గర ఊరు ఆగిపోతుంది. అయినా కాగితం మీద మాది పట్టణం. జనాభా తక్కువైతే మున్సిపాలిటీ కాదట, అందుకని చుట్టుపక్కల ఊళ్లను చేర్చి లెక్క సరిపెట్టారని తర్వాత ఎవరో చెప్పారు. ఆ లెక్కలో మేము తలకాయలం.

కొన్ని రోజులకు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉన్న అక్షరాలకు సున్నం కొట్టి, 'వార్డు కార్యాలయం' అని నీలం రంగుతో రాశారు. తలుపుకు తాళం పడింది. పంచాయతీ కార్యదర్శిని వేరే ఊరికి పంపారు. సర్పంచి పదవీకాలం కూడా అప్పటికే అయిపోయింది. దారిలో కనపడి అమ్మ నిలదీస్తే, "నాకు గూడ మీ లెక్కనే పేపర్లనే తెలిసిందక్కా, ఒట్టు" అన్నాడాయన. అమ్మ నమ్మలేదు. నేను నమ్మాను.

దెబ్బ తెలిసింది మొదటి ఎండాకాలం. అమ్మ ఎప్పటిలాగే తెల్లారకముందు కేకేసింది. ఆడవాళ్లంతా కుంట దగ్గరికి పోయారు. నాకు బడి సెలవులు, నేనూ వెంట వెళ్లాను. కట్ట మీద బండి ఆపుకుని ఫీల్డు అసిస్టెంటు నిలబడి ఉన్నాడు. పనుల హాజరు చూసే కుర్రవాడు అతను, అమ్మను పెద్దమ్మా అని పిలిచేవాడు.

"పెద్దమ్మా, మీకు పని లేదు. మీ ఊరి జాబ్ కార్డులన్నీ తీసేసిన్రు."

"ఎందుకు తీసేసిన్రు? మేం సచ్చిపోయినమా?"

"మీరిప్పుడు అర్బన్ల ఉన్నరు. గీ పని పల్లెటూర్లకే ఉంటది."

"మాది పల్లెటూరు గాక ఏందిరా? చూడు, కండ్లు లేవా నీకు?"

అతను తల దించుకుని బండి స్టార్ట్ చేశాడు. అతనికి పక్క ఊరి డ్యూటీ వేశారు. ఆ ఊరు ఎక్కడో లేదు, కుంటకు అవతలి గట్టునే ఉంది. ఆ ఊరిని కలపలేదు. కాసేపటికి ఆ ఊరి ఆడవాళ్లు తట్టలతో కుంటలోకి దిగారు. మేము చిన్నప్పటినుంచి ఎరిగిన మనుషులే, సగం మంది చుట్టాలు. అదే కుంట, అదే మట్టి. వాళ్లు అటునుంచి తవ్వుతున్నారు, మావాళ్లు ఇటు గడ్డపారలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అవతలినుంచి ఒకామె, "వదినా, గట్ల నిలవడ్డరేంది? దిగుర్రి!" అని కేకేసింది. అంత గొంతున్న అమ్మకు నోట మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

ఆ మర్నాడే ఆఫీసుల చుట్టూ తిరుగుడు మొదలైంది. అర్జీ రాసింది నేను. పది పన్నెండు మంది ఆడవాళ్లం ఆటోలు మాట్లాడుకుని ముందు మండల పరిషత్తు ఆఫీసుకు పోయాం. కరువు పనులు చూసేది వాళ్లే. అక్కడి అధికారి మంచిగానే కూర్చోబెట్టాడు. అర్జీ చదివి, "మీరు నా పరిధిలో లేరమ్మా. మండల పరిషత్తు అంటే గ్రామాలకే. మీరు మున్సిపాలిటీ కిందికి పోయారు, అది వేరే శాఖ. అక్కడ అడగండి" అన్నాడు.

మున్సిపల్ ఆఫీసు అదే రోడ్డులో, నాలుగు దుకాణాల అవతల ఉంది. కమిషనరు మీటింగుకు వెళ్లాడని మేనేజరు దగ్గరికి పంపారు. గోడకు ఎవరెవరు ఏ విభాగమో బోర్డు ఉంది. పన్నులకు ఒకరు, పారిశుద్ధ్యానికి ఒకరు, ఇంటి అనుమతులకు ఒకరు, రోడ్లు, మురుగు మోరీలకు ఇంజనీరు. ఆ బోర్డంతా చదివాను. పని అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలో దాంట్లో లేదు.

"ఉపాధి పథకం పట్టణాలకు వర్తించదు" అన్నాడు మేనేజరు.

"మరి మాకు పని ఎవరిస్తారు సార్?" అన్నాను.

"టౌన్‌లో చాలా పనులుంటాయి కదమ్మా. షాపులున్నాయి, హోటళ్లున్నాయి."

మా వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ, "గీ వయసుల నేను హోటల్ల దోసెలు పొయ్యాల్నా బిడ్డా?" అంది. మేనేజరుకు నవ్వొచ్చింది. నాకు ఆ నవ్వు మీదే కోపమొచ్చింది. "మా ఇంటి పన్ను అడగడానికి మీ మనిషి మొన్ననే వచ్చాడు సార్. పన్నుకు పట్టణం అయ్యాం. పనికి పల్లె కాకుండా పోయాం. మమ్మల్ని కలపాలని నిర్ణయం తీసుకున్నదెవరో చెప్పండి, వాళ్లనే అడుగుతాం" అన్నాను. ఆయన పైకి చెయ్యి చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

తర్వాతి సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోయాం. ప్రజల అర్జీలు అధికారులు నేరుగా తీసుకునే రోజు అది. అంత పెద్ద హాలు చూసి అమ్మకు ఆశ పుట్టింది. అందరు ఆఫీసర్లూ ఒక్కచోటే వరసగా కూర్చున్నారు, ఇక్కడ ఒకరు ఇంకొకరి మీద వేయడానికి వీలుండదు కదా అనుకుంది. మా వంతు వచ్చింది. పెద్ద అధికారి అర్జీ మీద కళ్లు తిప్పి, మూల మీద ఏదో రాసి పక్కకు జరిపాడు. పక్కాయన ముద్ర వేసి నా ఫోను నంబరు తీసుకున్నాడు. అయిపోయింది. అమ్మ ఇంకా నోరు తెరవనేలేదు. "సారూ, ఒక్క మాట..." అనేలోపు పోలీసాయన, "జరుగు జరుగు" అన్నాడు.

కొన్ని వారాలకు బడిలో ఉండగా ఫోనుకు మెసేజి వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది అని. సెలవు అడిగి మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి వెతికి చూసి చెప్పింది. కలెక్టరేటునుంచి మా అర్జీ మున్సిపాలిటీకే వచ్చిందట. 'పథకం ఈ ప్రాంతానికి వర్తించదు' అని మున్సిపాలిటీ జవాబు రాసిందట. జవాబు వెళ్లింది కాబట్టి పరిష్కారమైనట్టేనట.

"మాకు పని దొరకలేదు కదమ్మా, పరిష్కారం ఎట్లయింది?" అన్నాను.

"పెండింగ్‌లో లేదు కద మేడం" అంది ఆ అమ్మాయి. తప్పు ఆమెది కాదు. ఆమె ముందున్న తెరలో రెండే గడులు. ఒకటి పెండింగు, రెండోది పరిష్కారం. మనిషి ఆకలికి మూడో గడి లేదు. ఆ మాట అమ్మతో ఎలా చెప్పాలో తెలియక ఆ సాయంత్రం ఇంటికి నడిచే పోయాను.

ఆ పై ఏడాది మున్సిపాలిటీకి ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. గెలిచింది అమ్మ గ్రూపులో మట్టి మోసిన ఆడమనిషే, అమ్మకంటే చాలా చిన్నది. నెమ్మదస్తురాలు. నిలబెట్టింది మొగుడు. ఫ్లెక్సీల మీద ఆమెకంటే అతని బొమ్మే పెద్దది. గెలిచాక కౌన్సిలరు అని జనం పిలిచింది కూడా అతన్నే. అమ్మ రెండుసార్లు వాళ్లింటికి పోతే రెండుసార్లూ అతనే, "చూస్తం వదినా, చైర్మన్ సాబ్‌తోని మాట్లాడిన" అన్నాడు. ఆమె తలుపు చాటున నిలబడి వింది.

అప్పుడొచ్చింది గొర్ల గొడవ. శానిటేషన్ వాళ్లు నోటీసు పట్టుకుని వచ్చి, పట్టణంలో ఇళ్ల నడుమ గొర్ల దొడ్లు ఉండకూడదు, వాసన వస్తోంది, తీసేయాలి అన్నారు. మా వాడలో ప్రతి ఇంటికీ దొడ్డి ఉంది. నాయిన మోత్కూరు వారపు అంగడినుంచి కొత్త పొట్టేలును తెచ్చి అప్పుడే కట్టేస్తున్నాడు. ఎప్పుడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. ఆ రోజు వాళ్లను చూసి, "వాసన ఎవలికొచ్చిందయ్యా? మా తాతకు రాలె, నాకు రాలె. మీ నోటీసుకొచ్చిందా?" అన్నాడు.

అమ్మ మాత్రం కొంగు బిగించింది. "గ్రామసభ లేకపోతే మాయె, ఆళ్లకు గూడ ఓ సభ ఉంటది గదా. ఆడికే పోదాం" అంది.

ఉంది. కౌన్సిల్ సమావేశం. నేను తేదీ కనుక్కున్నాను. ఆ రోజు గొర్ల వాడ ఆడవాళ్లంతా కదిలారు. మున్సిపల్ ఆఫీసు మేడమీద హాలు. లోపల సోఫా కుర్చీలు, మైకులు, నీళ్ల సీసాలు. తలుపు దగ్గర అటెండరు చేతులు అడ్డం పెట్టాడు.

"లోపటికి పోవద్దు. సభ్యులకే."

"మేం గూడ మాట్లాడనీకెనే వచ్చినం" అంది అమ్మ.

"బయటోళ్లు మాట్లాడేది ఉండదమ్మా. మీ కౌన్సిలర్ మాట్లాడుతది."

"బయటోళ్లమా?" అమ్మ గొంతు హాలు చివరి దాకా పోయింది. "ఊరు తీస్కున్నప్పుడు లోపటోళ్లమే, పన్ను తీస్కున్నప్పుడు లోపటోళ్లమే. నోరు తెరిస్తె బయటోళ్లమైనమా?"

లోపల మాటలు ఆగిపోయాయి. చైర్మను మైకులో, "ఎవరది? తలుపు మూయండి" అన్నాడు. అటెండరు తలుపు లాగబోయాడు. అప్పుడు హాలు మధ్యలో మా వార్డు కౌన్సిలరు లేచి నిలబడింది. ఆమె మొగుడు మా పక్కనే, తలుపు బయట ఉన్నాడు. మొగుళ్లను లోపలికి రానివ్వొద్దని ఆ మధ్యే కమిషనరు కట్టడి చేశాడు. అతను కూర్చో అన్నట్టు చేత్తో సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె అతన్ని చూసింది. మా అమ్మనూ చూసింది.

"అధ్యక్షా" అంది. అంతకు ముందు ఆ హాల్లో ఆమె మాట్లాడగా ఎవరూ వినలేదు. "ఆళ్లు నా వార్డోళ్లు. నేను గూడ ఆళ్లతోనే మట్టి మోసిన. మా పని తీసేసిన్రు, ఇప్పుడు గొర్లను తీయమంటున్నరు. మేం ఏం తిని బతకాలె? ఆళ్లను లోపటికి రానియ్యరు అంటె... నేనే బయటికి పోత."

ఎవరో నవ్వారు. ఆమె నిజంగానే మైకు వదిలేసి, కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ తలుపు దాటి వచ్చింది. మొగుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. మెట్ల మీద మా అమ్మ పక్కన కూర్చుంది. కూర్చున్నాక భోరున ఏడ్చింది. అమ్మ ఆమె తల నిమురుతూ, "ఏడ్వకే పిచ్చిదానా, మంచిగ మాట్లాడినవు" అంది. ఆ మెట్ల మీదే మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. వచ్చేపోయే కౌన్సిలర్లు మమ్మల్ని దాటుకుంటూ పోవలసి వచ్చింది. టౌను విలేకరులు ఫోటోలు తీశారు.

ఆఖరికి కమిషనరు దిగి వచ్చాడు. దొడ్ల మీద ఇప్పట్లో ఏ చర్యా తీసుకోబోమన్నాడు. మమ్మల్ని మళ్లీ పంచాయతీ చేయమని ప్రభుత్వానికి తీర్మానం పంపుతామన్నాడు. దొడ్ల మాట నిలబెట్టుకున్నారు, ఆ తర్వాత మా వాడకు ఎవరూ రాలేదు. తీర్మానం కూడా పంపారట. అది ఏ బల్ల మీద ఉందో, ఉందో లేదో, నేను ఎన్నిసార్లు అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. కరువు పని మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత కౌన్సిలు గడువు కూడా తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగే దాకా ప్రత్యేక అధికారి పాలన అన్నారు. ఆయనకు ఇదొక్కటే ఊరు కాదు. ఎప్పుడొస్తాడో, ఏ పూట కూర్చుంటాడో తెలియదు. మా వార్డులో నల్లా రాకపోతే ఎవరిని అడగాలని ఒకసారి ఆఫీసుకు ఫోను చేశాను. "యాప్‌లో పెట్టండి" అన్నారు. అమ్మ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. యాప్ ఎదురుగా చాప వేసుకుని కూర్చోవడం ఎలాగో నేను ఆమెకు నేర్పలేను.

నాకు ఈ వ్యవస్థ మీద కోపం ఎందుకంటే, దాంట్లో చెడ్డవాళ్లను వెతికితే నాకు పెద్దగా దొరకలేదు. కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లున్నారు, నీళ్లిచ్చినవాళ్లున్నారు. అందరూ నిజమే చెప్పారు. నా పరిధి కాదు అన్న ప్రతివాడికీ అది నిజంగానే పరిధి కాదు. ఇంతమంది మంచివాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, ఏ ఒక్కరి పరిధిలోనూ మా అమ్మ లేకుండా గీతలు గీసినవాళ్లెవరో, వాళ్లు మాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడకుండా ఉండడానికే ఇన్ని అంతస్తులు కట్టుకున్నారేమో అనిపిస్తుంది.

ఇప్పుడు అమ్మ నాట్లకు, పత్తి ఏరడానికి దూరపు ఊళ్లకు పోతోంది. తెల్లారకముందే ట్రాలీ ఆటో వస్తుంది. ఎక్కగలిగినంతమంది ఎక్కుతారు. మోకాళ్లు నొప్పులు, కిందికి దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. మొన్న నేను బడికి పోతూ ఆ ఆటో దాకా సద్ది గిన్నె పట్టుకుని వెళ్లాను. వెనకాల అంచు మీద కాళ్లు వేలాడేసుకుని మా మాజీ కౌన్సిలరు కూర్చుని ఉంది. మొగుడు ఆమెతో చాలా నెలలు మాట్లాడలేదని విన్నాను. ఆటోలో ఎవరో, "కౌన్సిలర్ మేడంకు జాగా ఇయ్యుర్రి" అని ఎగతాళి చేశారు. ఆమె కోప్పడలేదు, నవ్వి పక్కకు జరిగి, అమ్మకు చెయ్యందించింది.

"ఎక్కు అక్కా, నా పక్కకు కూసో" అంది.